ఉగాది మరుసటి రోజు క్రిస్మస్

మీ సండే స్కూల్లో పండుగ తేదీ ఎవరు నిర్ణయిస్తారు? పిల్లలు ఊళ్ళో ఉన్నారో లేదో కనుక్కుని మీరు నిర్ణయిస్తారా, లేక గోడకు వేలాడే క్యాలెండరే మీ తరఫున నిర్ణయించేస్తుందా? "ఇదేం ప్రశ్న, క్రిస్మస్ డిసెంబర్‌లో కాక ఎప్పుడొస్తుంది?" అని నవ్వుకుంటున్న యువ టీచర్ల కోసమే ఇది రాస్తున్నాను. మేము ఒక ఏడాది ఉగాది మరుసటి రోజున క్రిస్మస్ చేశాం. ఆకాశం విరిగి ఎవరి నెత్తినా పడలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మా సంఘాలకు పిల్లల విభాగం ఒకటి ఉంది. రిటైరయ్యేదాకా దానికి నేను నాయకురాలిని. నాయకురాలంటే గది, కుర్చీ, బల్ల మీద గంట ఊహించుకోకండి. భుజానికొక సంచి, అందులో బొమ్మల అట్టలు, రంగు చాక్‌పీసులు, మంచినీళ్ళ సీసా, నడుం నొప్పికి రాసుకునే మందు. ఎమ్మిగనూరులో మా ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆదోని, అక్కడి నుంచి ఆస్పరి వైపో, హాలహర్వి వైపో. ఊరూరా టీచర్లకు పాఠం చెప్పడం నేర్పించాలి. పిల్లలతో కూర్చోవాలి. వేసవిలో సెలవుల బడి నడపాలి. ఏడాదికోసారి పిల్లల చేత క్రిస్మస్ నాటకం వేయించాలి. ఈ పని నాకు చాలా నచ్చింది. నచ్చిన పని చేసి రిటైరైన వాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు గాని, నేనొకదాన్ని.

మా నాన్న బడిపంతులు. ఏ గుళ్ళోనూ, ఏ చర్చిలోనూ అడుగుపెట్టని మనిషి. సంస్కరణ సభ ఎక్కడ జరిగినా మాత్రం నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఎంత దూరమైనా తొక్కేవాడు. అమ్మ ఒక్క ఆదివారం చర్చి తప్పితే వారమంతా మొహం ముడుచుకునే రకం. వాళ్ళిద్దరి మధ్య అన్నం కలుపుకుంటూ నేను విన్నన్ని వాదాలు ఏ కాలేజీలోనూ వినలేదు. అమ్మ గెలిచిన రోజులు కూడా బోలెడు. అందుకే చర్చిలో పనిచేస్తూ కూడా "ఎందుకు?" అని అడగడం మానలేకపోయాను. చర్చిలో ఆ మాటకు గిరాకీ తక్కువ. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ప్రార్థనకు ఎత్తుకొచ్చిన తల్లికి ముందు ఆసుపత్రి దారి చూపించినందుకు నన్ను "నాస్తిక టీచరమ్మ" అన్నారు. అననివ్వండి. బిడ్డకు జ్వరం తగ్గింది, ప్రార్థన తర్వాత తీరిగ్గా చేసుకున్నాం.

ఇక అసలు సంగతి. మా పడమటి ఊళ్ళది వానను నమ్ముకున్న సేద్యం. పత్తి, కంది ఇల్లు చేరాక, చేరినా చేరకపోయినా, ఊళ్ళో ఇక కూలి దొరకదు. అప్పుడు కూలీలను తీసుకుపోయే మేస్త్రి లారీ మాట్లాడతాడు. బియ్యం మూటలు, వంట గిన్నెలు, బొంతలు, పసిపిల్లలు, బడి పిల్లలు అన్నీ లారీ ఎక్కుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు ప్రయాణం. దీన్నే మా వైపు సుగ్గికి పోవడం అంటారు. ఇళ్ళకు తాళాలు పడతాయి. తాళం వేయదగ్గ తలుపు లేని ఇంటికి ముళ్ళకంప అడ్డం పెట్టి పోతారు. మళ్ళీ అందరూ ఊరు చేరేది ఉగాదికి.

అంటే డిసెంబర్‌లో ఆ ఊళ్ళల్లో ముసలివాళ్ళు, కోళ్ళు, ఆ కోళ్ళను అదిలించడానికి ఒకరిద్దరు పిల్లలు మిగులుతారు. మరి మా పెద్దలు ఊళ్ళు చూడటానికి ఎప్పుడు బయలుదేరేవారు? సరిగ్గా డిసెంబర్‌లోనే!

మా కమిటీకి అధ్యక్షులు ఆదోని చర్చి పాస్టరు, మా అందరికీ అయ్యగారు. చెడ్డమనిషి అని రాస్తే అబద్ధమవుతుంది. పిల్లలంటే ప్రేమ. పాట ఎత్తుకుంటే చర్చి బయట ఆటోవాళ్ళు కూడా ఆగి వినేవారు. ప్రతి క్రిస్మస్‌కు కారులో చాక్లెట్ల డబ్బాలు వేసుకుని ఊళ్ళు తిరిగేవారు. ప్రతి ఏడూ చాక్లెట్లు మిగిలిపోయేవి. ఒక ఏడాది క్రిస్మస్ అయ్యాక జరిగిన కమిటీ సమావేశంలో ఆయన ఆ మిగిలిన డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టారు.

"ఇది చూడండి సిస్టర్. పంచుదామంటే చేతులు చాచే పిల్లలే లేరు. పిల్లలు లేని ఊళ్ళల్లో సండే స్కూళ్ళు ఎవరి కోసం? ఈస్టర్ దాటినాక ఈ పల్లెటూరి స్కూళ్ళన్నీ మూసేసి, టౌన్‌లో గట్టిగా నడుపుదాం."

బల్ల చుట్టూ కూర్చున్న పెద్దలు తలలూపారు. డబ్బా మూత తీసి ఒకాయన చాక్లెట్ నోట్లో వేసుకున్నాడు.

"పిల్లలు లేకేం అయ్యగారూ, ఉన్నారు," అన్నాను. "మిరప తోటల్లో ఉన్నారు. మనం పోయింది వాళ్ళు లేని చోటికి, వాళ్ళు లేని నెలలో. ఖాళీ బస్టాండు చూసి ఈ ఊళ్ళో బస్సులే లేవంటామా?"

"అయితే పండుగ చేసేదానికి గుంటూరు పోవల్లనా?" అని చాక్లెట్ తింటున్నాయన.

"వద్దండీ. ఉగాదికి వాళ్ళే వస్తారు. అప్పుడు చేద్దాం."

"ఏం చేద్దాం?"

"క్రిస్మస్."

చాక్లెట్ నములుతున్న నోరు ఆగిపోయింది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు కోపం వస్తే చేసే పని అదే.

"ఈస్టర్‌కు ముందు శ్రమల దినాల్లో క్రిస్మసా? అదీ ఉగాదికా? ఆ నలభై రోజులు మనం పాట కూడా మెల్లగా పాడతాం తల్లీ. నలుగురూ ఏమంటారు?"

"శ్రమల దినాలు మనకు అయ్యగారూ. వాళ్ళకు శ్రమ తీరి ఇంటికొచ్చే దినాలవి."

"ప్రభువు పుట్టిన దినం అంటూ ఒకటి ఉంది కదమ్మా."

"ఆ తేదీ మన గ్రంథంలో ఏ పేజీలో ఉందో చూపించండి. చూపిస్తే ఆ స్కూళ్ళకు నేనే పోయి తాళాలేసి వస్తాను."

ఆయన గ్రంథం తెరవలేదు. చదువుకున్న మనిషి. లేదని ఆయనకు తెలుసు. వాదంలో ఓడిపోయినవాడు రెండు రకాలుగా ఉంటాడని మా నాన్న సభల్లో చూశాను: ఒకడు గొంతు పెంచుతాడు, ఒకడు పందెం కడతాడు. అయ్యగారు రెండో రకం, అదీ ఆయన మంచితనం.

"సరే. ఒక్క ఊళ్ళో చేయండి. నేనే వచ్చి నా కళ్ళతో చూస్తాను. చాపల నిండా పిల్లలుంటే అన్ని ఊళ్ళ స్కూళ్ళూ ఉంటాయి. లేకుంటే అన్నీ పోతాయి. మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

ఆస్పరి దారిలో, పెద్ద రోడ్డు నుంచి లోపలికి పోవలసిన ఊరొకటి ఎంచుకున్నాను. అక్కడి సండే స్కూల్ టీచర్ మా ఎమ్మిగనూరు అమ్మాయి. ఆ ఊరికి కోడలుగా వెళ్ళింది. పగలు కుట్టుమిషను, సాయంత్రాలు చర్చి గదిలో పిల్లలు. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలు బడిలో వెనకబడి ఉంటారు కదా, వాళ్ళను కూర్చోబెట్టి పోయిన పాఠాలు చదివించేది. అది కమిటీ పెట్టిన పని కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్నది. సండే స్కూల్ మూతపడితే ఆ గదికి తాళం. అంటే ఒక పాటో, ఒక నాటకమో కాదు పోయేది. ఆ పిల్లలకు ఉన్న ఒక్క చదువుకునే చోటు పోతుంది.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉంది. ఏడో తరగతి వయసు, ఐదో తరగతి చదువు. తోటల్లో తిరిగి తిరిగి ఎండకు కందిన మొహం, చెంపల మీద ఎప్పుడూ నవ్వు. దేవదూత పాత్ర ఆమెది. గొల్లల ముందు నిలబడి, భయపడవద్దనీ, రక్షకుడు పుట్టాడనీ చెప్పే దూత. రెండు క్రిస్మస్‌లు ఆ మాటలు నేర్చుకుంది. రెండుసార్లూ నాటకానికి ముందే లారీ వచ్చింది. మూడోసారి, ఈ ఉగాది నాటకానికి నేర్పుదామంటే, ఆమె అప్పటికే గుంటూరు వైపు తోటలో ఉంది.

మా టీచరమ్మాయి ఆ మాటలు రికార్డు చేసి మేస్త్రి ఫోనుకు పంపింది. వారం తిరక్కముందే మేస్త్రి నాకు ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, మీ దేవదూత నా ఫోను బ్యాటరీ అంతా తినేస్తాంది. నేను యజమానితో మాట్లాడల్లంటే ఫోను సచ్చిపోయి ఉంటాది."

"ఉగాది దాకా ఓర్చుకోప్పా."

"ఓర్చుకుంటాలేమ్మా. అది కాదు కత. ఆ పిల్ల సాల్లో కాయ కోస్తా కోస్తా గట్టిగా సెప్తాంటాది గదా, ఆడోళ్ళంతా నేర్సేసుకున్నారు. ఇప్పుడు తోట నిండా దేవదూతలే. కాయ కోసేవాళ్ళు ల్యా!"

ఇక దూతకు అంగీ కావాలి. ఎమ్మిగనూరులో మా పక్కింటి పెద్దాయన మగ్గం నేసే మనిషి. నుదుటి నిండా విభూతి. నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన మగ్గం చప్పుడు గోడ అవతల నుంచి వినబడుతూనే ఉంటుంది. తెల్లగుడ్డ కావాలని పోయి అడిగాను.

"మీ సామి పుట్టినరోజు డిసెంబర్‌లో గదమ్మా? కేకు పంపిస్తివి గదా మొన్న?"

"పల్లెలో పిల్లలకు ఈసారి ఉగాదికి చేస్తున్నాం పెద్దాయనా."

"బాగుంటాది. ఉగాదికైతే ఎట్లా కొత్తగుడ్డ కట్టుకోవల్ల గదా." మా కమిటీ పూటంతా తర్జనభర్జన పడిన విషయం ఆయనకు అంతటితో సరిపోయింది. "పిల్ల ఎంత పొడుగుంటాది?"

"నా భుజం దాకా."

"పెరిగే పిల్ల. కింద మడత ఎక్కువ పెట్టి కుట్టియ్యి. ఇదో, ఎర్రంచు గుడ్డ."

"దేవదూతకు అంచు ఉండదు పెద్దాయనా. ఒట్టి తెలుపు."

"నువ్వు సూసినావా?"

చూడలేదు. హేతువాదినని చెప్పుకునే నన్ను ఇంత సులువుగా ఎవరూ ఓడించలేదు. మా దూతకు ఎర్రంచు అలా వచ్చింది. రెక్కలకు దూది ఆదోనిలో పత్తి మిల్లు నడిపే సేట్ల ఇంటి నుంచి వచ్చింది. ఆ ఇంటి కోడలు సంచిలో కుక్కి కుక్కి పంపింది. నాటకం ఏ మతానిదని అక్కడా ఎవరూ అడగలేదు. అడిగింది మా కమిటీ ఒక్కటే.

తేదీ నేనే లెక్కకట్టాను. ఉగాది నాడు ఎవరి ఇంటి పని వాళ్ళది. మరుసటి రోజు కూలికి పోరు, లారీలు రావు, అందరూ ఊళ్ళోనే. ఆ సాయంత్రం నాటకం. తర్కంలో ఎక్కడా చీలిక లేదు. ఆదోనిలో నలుగురు పెద్దల ముందు చదివి వినిపించాను. వాళ్ళూ తలలూపారు. వాళ్ళు కూడా టౌన్‌వాళ్ళే మరి.

ఆ రోజు మధ్యాహ్నం దాటాక రెక్కల సంచితో ఊళ్ళో దిగాను. చర్చి ముందు షామియానా వేసి ఉంది. కింద చాపలు పరిచి ఉన్నాయి. చాపల మధ్యలో ఒక కోడి నిలబడి నన్ను చూస్తోంది. చర్చి గోడ నీడలో ఒక అవ్వ కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది.

"పిల్లోళ్ళు యాడ పోయినారు అవ్వా?"

"కైరుప్పలకి పోయినారు గదమ్మా. ఈ పొద్దు సాయంత్రం పిడకల కొట్లాట."

అక్కడే చాప మీద కూలబడ్డాను. కైరుప్పలలో ఉగాది మరుసటి రోజున ఊరు రెండుగా చీలి, కుప్పలు పోసుకున్న పిడకలతో ఒకరినొకరు కొట్టుకుంటారు. ఏడాదికోసారి వచ్చే వేడుక. ఆస్పరి చుట్టుపక్కల ట్రాక్టర్ ఉన్నవాడు ట్రాక్టరేసుకుని, లేనివాడు నడుచుకుంటూ దాన్ని చూడటానికి పోతాడు. ఇది ఈ వైపు పాకే బిడ్డకు కూడా తెలుసు. తెలియనిది టౌన్‌లో కూర్చుని తర్కం చేసినవాళ్ళకే. జనం ఇంటికి వస్తారని రుజువు చేశాం గాని, వచ్చాక ఇంట్లోనే కూర్చుంటారని ఎవరు చెప్పారు మాకు?

మా టీచరమ్మాయి పూలదండలతో వచ్చింది.

"ఏమే, నాకు ముందే చెప్పొద్దా?"

"నువ్వు తేదీ సెప్పినప్పుడే అనుకుంటి అక్కా. అంత గట్టిగా సెప్తాంటివి గదా, అన్నీ తెలిసే పెట్టింటావులే అనుకుంటి."

"ఏం తెలిసి?"

"పొద్దున పిడకలు, సాయంత్రం నాటకం, రెండూ సూస్తారులే అని."

"పొద్దున కాదు కదే, కొట్లాట సాయంత్రమేనంట!"

"అదే అక్కా. అదొక్కటే తేడా వచ్చింది," అంది, తప్పంతా పిడకలవాళ్ళదే అన్నట్టు.

చర్చి గదిలోకి తొంగి చూశాను. దేవదూత అక్కడే ఉంది. వాళ్ళమ్మ వెనక కూర్చుని జడ వేస్తోంది. మిరప మంట ఇంకా పోలేదని తల్లీకూతుళ్ళ వేళ్ళకు కొబ్బరినూనె పూసి ఉంది.

"నువ్వు పోలేదేమే కైరుప్పలకు?"

"పోల్యా టీచరమ్మా. పిడక తగిలి పండ్లు రాల్తే నేను ఎట్లా మాట్లాడల్ల?"

"ఒక్కదానివే ఎవురికి సెప్తావే? ఆ కోడికా?" అంది తల్లి.

"వస్తార్లేమా. పిడకలు అయిపోతే వాళ్ళకు ఏం పనుంటాది?"

ఆ నమ్మకం నాకు లేదు. ఆ పిల్లకు ఉంది. ఆ గంటలో మా ఇద్దరిలో సండే స్కూల్ నాయకురాలిగా ఆ పిల్లే మెరుగు.

అయిదు దాటాక అయ్యగారి కారు వచ్చింది. ఆయనతో కమిటీ పెద్దలు ఇద్దరు. దిగి షామియానా చూశారు, చాపలు చూశారు, కోడిని చూశారు. గెలిచినందుకు ఆయన సంతోషపడి ఉంటే నాకు కోపం వచ్చేది. ఆయన బాధపడ్డారు.

"నేను ముందే చెప్పినాను కదమ్మా. ఇంత కష్టపడినారు మీరు. ఈ ఊళ్ళల్లో పిల్లలు లేరు."

"ఉన్నారు అయ్యగారూ. కైరుప్పలలో ఉన్నారు."

"డిసెంబర్‌లో అడిగితే గుంటూరులో ఉన్నారంటారు. ఇప్పుడు కైరుప్పలలో ఉన్నారంటారు. మన దగ్గర ఎప్పుడుంటారు సిస్టర్?"

"వాళ్ళు ఎప్పుడు ఎక్కడుంటారో మనం అడిగి తెలుసుకున్న రోజు ఉంటారు. పిల్లలు లేకపోవడం వేరు అయ్యగారూ, మనకు తెలియకపోవడం వేరు. ఈ రెండోది వాళ్ళ లోపం కాదు."

"మీతో వాదించలేను," అని ఆయన కారు వైపు తిరిగారు. ఆయన కారెక్కితే ఆ గదికి తాళం పడినట్టే. నా దగ్గర వాదాలు అయిపోయాయి. అప్పుడు ఆ అవ్వ లేచి అడ్డం వచ్చింది. చేతిలో సత్తు పళ్ళెం. పళ్ళెంలో ఉగాది ఓళిగలు, అవే బొబ్బట్లు, మీద నెయ్యి.

"ఉగాది పూట ఇంటిముందరికి వచ్చి ఊరకే పోతారా సామీ? కూసోండి."

"వద్దు అవ్వా, టైం లేదు."

"టైం లేకుంటే ఒగటి తినండి. టైం ఉంటే రెండు తినండి."

అయ్యగారు ఒకటి తిన్నారు. పెద్దలు కూడా కూర్చున్నారు. అవ్వ వాళ్ళ పళ్ళెం ఖాళీ కానివ్వలేదు. శ్రమల దినాల్లో తీపి మానేస్తానని మొక్కుకున్న ఒక పెద్దమనిషి రెండోది కూడా తిన్నాడు.  నేను నోరు అదుపులో పెట్టుకున్న అరుదైన సందర్భాల్లో అదొకటి.

మూడోది పళ్ళెంలో పడుతుండగా రోడ్డు మీద దుమ్ము లేచింది.

ముందు ఒక ట్రాక్టర్. దాని తొట్టి నిండా పిల్లలు. వెనక ఇంకొకటి, ఆ వెనక ఆటోలు. కైరుప్పల నుంచి తిరుగు దారిలో చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా "ఆడేదో నాటకమంట" అని మలుపు తిరిగారు. పిల్లలు తొట్టి అంచుల మీంచి దూకారు. అరుస్తున్నారు, ఏ జట్టు గెలిచిందో వాదించుకుంటున్నారు, ఒకణ్ణొకడు తోసుకుంటున్నారు. తలల్లో, చొక్కాల మీద, కనుబొమల్లో పిడకల పొడి. చాపలు చాలలేదు. పిల్లలు షామియానా దాటి రోడ్డు దాకా కూర్చున్నారు. కోడి ఎటు పోయిందో తెలియదు.

గొల్లల వేషగాళ్ళను కడిగి తెమ్మని కమిటీ పెద్దలంటే టైం లేదంది మా టీచరమ్మాయి. నేనూ కడగవద్దన్నాను. పశువుల పాక కోసం మేము గడ్డి తెచ్చాం, గంపలు తెచ్చాం. వాసన తేలేకపోయాం. ఆ లోటు వాళ్ళు తీర్చారు.

నాటకం మొదలైంది. గొల్లలు మంట చుట్టూ కూర్చోవాలి. కూర్చున్నారు గాని, ఇంకా కైరుప్పలలోనే ఉన్నారు. ఒకడు ఇంకొకడిని మోచేత్తో పొడుస్తున్నాడు. ముందు వరసలో పిల్లలు నవ్వుతున్నారు. వెనక పెద్దలు కబుర్లలో ఉన్నారు. ఎర్రంచు తెల్ల అంగీతో, దూది రెక్కలతో దూత గడప దాటి వచ్చి అరుగు మీద నిలబడింది. ఎవరూ చూడలేదు. నేర్పించిన మాట మొదలుపెట్టింది. ఎవరికీ వినబడలేదు. ఆగింది. ఒక్క క్షణం వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత మిరప సాళ్ళ ఈ చివర నుంచి ఆ చివరికి వినబడే గొంతు తీసింది.

"ఓయ్! ఊరకుండండప్పా! ఆకాశంలో నుంచి ఇంత దూరం వస్తి సెప్పేదానికి! ఎవురూ బయపడొద్దండి. మంచి మాట తెచ్చినా. అందరికీ మంచి మాట. ఇనండి!"

నేను నేర్పించిన గ్రాంథికంలో ఒక్క ముక్క లేదు. కబుర్లు ఆగిపోయాయి. మోచేతులు ఆగిపోయాయి. ఒక గొల్లవాడు నిజంగానే భయపడి టోపీ తీశాడు. తర్వాత ఆమె పసిబిడ్డ ఎక్కడ పుట్టాడో, ఎలాంటి చోట పడుకోబెట్టారో, తన మాటల్లో, నిలబడి, తొందర లేకుండా చెప్పింది. లారీ దిగిన చోట, పరదా గుడారంలో పిల్లను పడుకోబెట్టే తల్లులు ఎందరో ఆ చాపల వెనక నిలబడి ఉన్నారు. వాళ్ళకు ఆ కథలో వివరించి చెప్పవలసింది ఏమీ లేదు.

దూత వాళ్ళమ్మ నా పక్కన నిలబడి ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అని చూశాను. నవ్వుతోంది.

"తోటలో దీని నోరు మూయించలేక సస్తిమి టీచరమ్మా. ఈడ సూడు, ఊరంతా నోరు మూసుకొని ఇంటాండారు."

అయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడి చూస్తున్నారు. చేతిలో ఓళిగ చల్లారిపోయింది.

"ఎవరి పిల్లలమ్మా వీళ్ళంతా?"

"మనవాళ్ళే అయ్యగారూ, చాలామంది. మిగతావాళ్ళు పక్కిండ్ల వాళ్ళు, చూసిపోదామని వచ్చినవాళ్ళు."

"ఇన్నేళ్ళు నేను వచ్చినప్పుడు..." అని ఆగారు.  ముగింపు ప్రార్థన చేయమంటే చిన్నగా చేశారు. కన్నీళ్ళు పెట్టలేదు, క్షమాపణలు చెప్పలేదు. కారెక్కుతూ టీచరమ్మాయిని పిలిచి, "ఈ గదిలో సాయంత్రాలు లైటు సరిపోతాందా తల్లీ, పిల్లలకు?" అని అడిగారు. చాలదని ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. తర్వాతి వారమే లైట్లు వచ్చాయి. ఆ తర్వాతి కమిటీలో స్కూళ్ళు మూసే మాట ఆయనే కొట్టేశారు. నివేదికలో మాత్రం "ఉగాది సందర్భంగా పిల్లల ప్రత్యేక కూడిక" అని రాశారు. క్రిస్మస్ అన్న మాట ఎక్కడా లేదు. నేను నవ్వుకుని సంతకం పెట్టాను. మాట వాళ్ళకు వదిలేసి స్కూళ్ళు మేము ఉంచుకున్నాం. ఇంతకంటే మంచి బేరం నా ఉద్యోగంలో నేను చేయలేదు.

ఆ నాటకంతో ఆ పిల్ల జీవితం మారిపోయిందని రాయను. అద్భుతాలు నమ్మే అలవాటు నాకు లేదు, మీకూ నేర్పను. మరుసటి ఏడు కూడా లారీ వచ్చింది. ఆ తల్లి ఎక్కింది, పిల్ల మాత్రం ఎక్కలేదు. తన అవ్వ దగ్గర ఉండి బడికి పోతానని పట్టుబట్టింది. చర్చి గదిలో సాయంత్రం చదువు ఉంది కాబట్టి, లైటు ఉంది కాబట్టి, తల్లి ఒప్పుకుంది. మేస్త్రి ఫోన్ చేసి, ఈసారి తోట చప్పగా ఉందన్నాడు. అంతే జరిగింది. ఆమెతో పాటు ఇంకొందరు ఆగారు. అందరూ ఆగలేదు. పేదరికం ఒక నాటకంతో దిగిపోయే జ్వరం కాదు. దానికి వేరే పోరాటాలున్నాయి, ఆ సభలకు కూడా నేను పోతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ ఊళ్ళల్లో ఒక్కొక్కచోట ఒక్కొక్క రోజున పిల్లల క్రిస్మస్ జరుగుతుంది. కొన్నిచోట్ల లారీ వచ్చేలోపే, కొన్నిచోట్ల ఉగాది దాటాక. తేదీ ఆ ఊరి తల్లులు చెబుతారు. ఎవరు ఏం చెప్పినా పిడకల కొట్లాట రోజు మాత్రం పెట్టరు. రిటైరైనదాన్ని కాబట్టి నన్ను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెడతారు. నాకు కుర్చీ నచ్చదు. చాప మీద పిల్లల మధ్య కూర్చుంటాను. నడుం నొప్పి పుడుతుంది. సంతోషంగా ఉంటుంది.

మరి మీరు? ఈ ఆదివారం మీ తరగతిలో కొందరు పిల్లలు కనబడరు. "రావడం లేదు" అని చెప్పి ఊరుకోకండి. వాళ్ళ కోసం ప్రార్థన చేశామని తృప్తిపడకండి, అది తర్వాత చేయవచ్చు. పాఠం ముగించి, చెప్పులేసుకుని, ఆ ఇళ్ళకు నడవండి. పిల్లలు ఎక్కడున్నారో, ఏం పని చేస్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఆ ఇంటివాళ్ళనే అడగండి. ఇల్లు మూసి ఉంటే పక్కింటి తలుపు తట్టండి. వాళ్ళు చెప్పింది మీ కమిటీ ముందు నిలబడి, గొంతు తగ్గించకుండా చెప్పండి. లేవండి, ఈ ఆదివారమే.